కొవిడ్ రోజుల్లో ఫోన్ మీద ఇంజనీరింగ్: బాగా వాడాక చెబుతున్న మాట

2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డాక ఇంజనీరింగ్ పిల్లల్లో చాలామందికి తరగతి, లైబ్రరీ, ల్యాబ్, పరీక్ష హాలు అన్నీ చేతిలో ఉన్న ఫోనే అయ్యాయి. మూడు జీబీ ర్యామ్, ఆరంగుళాల తెర, రోజుకు 1.5 జీబీ డేటా ప్యాక్. ఈ సమీక్ష ఆ సరంజామా గురించే. పాఠం వినడానికి ఫోన్ బాగానే పనికొచ్చింది. రాసింది పంపాల్సి వచ్చినప్పుడే ఇబ్బంది పెట్టింది. నెట్ స్పీడ్ అనగానే అందరూ డౌన్‌లోడ్ చూసుకుంటారు గానీ, పరీక్ష రోజు కొంప ముంచేది అప్‌లోడ్.

ముందు వినడం సంగతి. జూమ్‌లో ఉచిత ఖాతాతో పెట్టిన గ్రూప్ మీటింగ్ 40 నిమిషాలకు తెగిపోతుంది. గంట పీరియడ్‌కి రెండు లింకులు కావాలి, రెండోసారి అందరూ చేరేసరికి పాఠం మధ్యలో తెగినట్టే. మన కెమెరా ఆపేస్తే డేటా మిగులుతుందని అనుకుంటారు. అప్‌లోడ్ తగ్గేమాట నిజమే, కానీ అవతలి వీడియో వస్తూనే ఉంటుంది, ఎక్కువ తినేది అదే. అందుకే లైవ్ కంటే రికార్డింగ్ నయం. థియరీ అయితే 144పీలో పెట్టి మాట వింటే చాలు. మ్యాథ్స్, నెట్‌వర్క్ థియరీ (సర్క్యూట్ల లెక్కలు) లాంటివాటికి 480పీ కంటే తగ్గకూడదు. తగ్గితే బోర్డు మీద ఎక్స్ స్క్వేర్‌కీ ఎక్స్ క్యూబ్‌కీ తేడా తెలియదు, నోట్స్‌లోకి తప్పే ఎక్కుతుంది. రోజువారీ డేటా మిగిలితే అర్ధరాత్రితో పోతుంది కాబట్టి, పడుకునే ముందు మర్నాటి ఎన్‌పీటెల్ (ఐఐటీల ఉచిత వీడియో కోర్సులు) పాఠాలు యూట్యూబ్‌లో ఆఫ్‌లైన్‌కి దించి పెట్టుకోవడం మంచి అలవాటు.

ఛార్జింగ్ పెట్టి మీటింగ్‌లో కూర్చుంటే ఫోన్ బాగా వేడెక్కుతుంది, తెర వెలుతురు దానంతటదే తగ్గుతుంది, యాప్ ఆగిపోతుంది. క్లాసుకు ముందే ఛార్జ్ చేసుకుని, క్లాసు నడిచేంతసేపు వెనక కవర్ తీసేయాలి.

ఇక పరీక్ష. కాగితం మీద రాసి, పీడీఎఫ్ చేసి, ఇచ్చిన గడువులో ఎక్కించాలి. మామూలు కెమెరాతో తీస్తే 12 మెగాపిక్సెల్ ఫొటో ఒక్కోటి మూడు, నాలుగు ఎంబీ ఉంటుంది. 16 పేజీలకు 50 ఎంబీ అటూ ఇటూ. ఆ రోజు డేటా అప్పటికే అయిపోయి స్పీడ్ 64 కేబీపీఎస్‌కి పడిపోయి ఉంటే, ఆ ఫైలు ఎక్కడానికి గంటా నలభై నిమిషాలు పడుతుంది. అదే 16 పేజీలు స్కానింగ్ యాప్‌లో గ్రేస్కేల్‌లో తీసి ఐదు ఎంబీలోకి కుదిస్తే పది నిమిషాల పని. గట్టెక్కడానికీ మునగడానికీ మధ్య ఉన్నది ఈ లెక్కే.

క్యామ్‌స్కానర్ అనే స్కానింగ్ యాప్‌ని 2020 జూన్ 29న ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో చేర్చాక, అడోబీ స్కాన్, మైక్రోసాఫ్ట్ లెన్స్ ఆ పని చేశాయి. అప్పట్లో రెండూ బాగానే పనిచేశాయి. బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ మాత్రం వాడకండి. సైజు ఇంకా తగ్గుతుంది నిజమే, కానీ పెన్సిల్‌తో గీసిన సర్క్యూట్, గ్రాఫ్ గీతలు మాయమవుతాయి. బొమ్మ లేని జవాబుకు దిద్దేవాళ్లు మార్కులు ఎలా వేస్తారు? తెల్ల టైల్స్ మీద తెల్ల కాగితం పెడితే యాప్‌కి అంచు దొరకదు, ముదురు రంగు దుప్పటి పరవాలి. నెత్తి మీద ట్యూబ్‌లైట్ ఉంటే ఫోన్ నీడే పేజీ మీద పడుతుంది, పగలైతే కిటికీ పక్కన కూర్చోవడం మేలు. పల్చటి కాగితం మీద జెల్ పెన్‌తో రెండు వైపులా రాస్తే వెనక అక్షరాలు ముందుకు కనబడతాయి. ఒకవైపే రాయాలి. ప్రతి పేజీ పైన హాల్ టికెట్ నంబరు, పేజీ నంబరు వేయాలి. పంపే ముందు పీడీఎఫ్ ఒకసారి తెరిచి చివరిదాకా చూడాలి. తలకిందులైన పేజీ, రెండుసార్లు పడ్డ పేజీ అక్కడే దొరుకుతాయి. గూగుల్ క్లాస్‌రూమ్‌లో ఫైలు జతచేస్తే సరిపోదు, టర్న్ ఇన్ నొక్కాలి. నొక్కకపోతే అవతల అందనట్టే.

కొంచెం పాత ఫోన్‌కి, అంటే వోల్టీ (4జీ మీదే కాల్ మాట్లాడే సౌకర్యం) లేనిదానికి ఇంకో చిక్కు ఉంది. కాల్ వస్తే ఫోన్ 4జీ నుంచి కిందకు దిగుతుంది, అప్‌లోడ్ అక్కడితో తెగుతుంది. తెర మారితే హెచ్చరించే ఆన్‌లైన్ పరీక్షల్లో కాల్ మోగడం కూడా ప్రమాదమే. పరీక్షకు ముందు కాల్ ఫార్వర్డింగ్‌తో కాల్స్‌ని ఇంట్లో వేరే నంబరుకి మళ్లించుకోవాలి.

ప్రోగ్రామింగ్‌కి ఓటీజీ అడాప్టర్‌తో (ఫోన్‌కి యూఎస్‌బీ పరికరం తగిలించే ముక్క) మామూలు యూఎస్‌బీ కీబోర్డ్ పెట్టుకుంటే ఫోన్ సగం కంప్యూటరే. ఆన్‌లైన్ కంపైలర్‌లో సీ, పైథాన్ రికార్డు ప్రోగ్రాములు హాయిగా నడుస్తాయి. తెర మీద కీబోర్డుతో మాత్రం బ్రాకెట్లు, సెమీకోలన్ల దగ్గరే ప్రాణం పోతుంది.

ల్యాబ్‌లకు ఫోన్ చాలదు. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ లాంటి సంస్థలు పాలుపంచుకున్న వర్చువల్ ల్యాబ్స్ (తెర మీదే ప్రయోగాలు చేయించే వెబ్‌సైట్) మంచి వనరే, ప్రయోగం వెనక తర్కం బాగా అర్థమవుతుంది. కానీ వాటిని కంప్యూటర్ తెర కోసం తయారుచేశారు, ఆరంగుళాల్లో మీటర్ రీడింగ్ చదవడం కష్టం. పైగా బ్రెడ్‌బోర్డులో (వైర్లు గుచ్చి సర్క్యూట్ కట్టే పలక) వైరు వదులైతే సీఆర్‌ఓ (తరంగాన్ని గీసి చూపే పరికరం) మీద తరంగం ఎలా వణుకుతుందో సిమ్యులేషన్ చూపించదు, అందులో వైర్లు ఎప్పుడూ గట్టిగానే ఉంటాయి. అలా రెండు సెమిస్టర్ల ల్యాబ్ తెర మీదే గడిచినవాళ్లు ఒక బ్రెడ్‌బోర్డు, మల్టీమీటర్, పది రెసిస్టర్లు కొనుక్కుని ఓమ్ సూత్రం నుంచి మళ్లీ చేయడం అవసరం.