కొన్న కథా, తెలిసిన పేరా, ఇక్కడ పుట్టిన కథా: ఏది మేలు?

కడపలో ఒక ఇంటివారు ఏడాది చందా కట్టి ఓటీటీ తెరిస్తే, తెలుగు పేరుతో వారికి కనిపించే సరుకు మూడు రకాలుగా ఉంటుంది. వేరే దేశంలోనో వేరే భాషలోనో ఒకసారి నెగ్గిన కథను హక్కులు కొని ఇక్కడి మనుషులతో మళ్లీ తీసినది మొదటిది. ఇప్పటికే జనం నోళ్లలో నానిన పేరును పట్టుకుని భాగాలు భాగాలుగా నడిపించేది రెండవది. ఎవరి హక్కులూ కొనకుండా ఇక్కడే పుట్టిన కథ మూడవది. పెద్ద సంస్థలు మొదటి రెండింటి మీద గట్టిగా ఆనుకుని నడుస్తున్నాయి. ఆ ఆనుకోవడం వారికి ఎంత మేలు చేస్తుందో, సీమలో కూర్చుని చూసే మనకు ఎంత మేలు చేస్తుందో విడివిడిగా చూడవలసిన విషయాలు.

సంస్థల వైపు నుంచి చూస్తే కారణం తెలిసిందే. డిస్నీ సంస్థ 2009లో సూపర్‌హీరో కథల మార్వెల్‌ను, 2012లో స్టార్ వార్స్ తీసిన లూకాస్‌ఫిల్మ్‌ను, ఒక్కొక్కదానికి దాదాపు 400 కోట్ల డాలర్లు పోసి కొన్నది. 2019 నవంబరులో తన స్ట్రీమింగ్ సేవను తెరిచినప్పుడు ఆ పేర్లే గడప దగ్గర నిలబడి చందాదారులను లోపలికి పిలిచాయి. 2020 ఏప్రిల్‌లో ఆ సేవ హాట్‌స్టార్‌తో కలిసి మన దేశానికి వచ్చింది. ఆ వేదిక మీద అప్పటికే ఇంకొక వరుస మొదలై ఉన్నది: బీబీసీలో 2008లో వచ్చిన క్రిమినల్ జస్టిస్‌ను 2019లో హిందీలో తీశారు, నెదర్లాండ్స్ సిరీస్ పెనోజా 2020లో ఆర్యా అయింది, బ్రిటిష్ సిరీస్ లూథర్ 2022లో రుద్ర అయింది. ఒకచోట పరీక్షకు నిలిచిన కథకు పాత్రల అల్లిక, మలుపుల క్రమం ముందే సిద్ధంగా ఉంటాయి కాబట్టి, డబ్బు పెట్టేవారికి ఆ కాగితాలు చూపించి ఒప్పించడం కొత్త రచయిత చేతిరాతను చూపించి ఒప్పించడం కన్నా చాలా సులువు.

అయితే తెలిసిన పేరు ఉంటే చాలు, పని అయిపోతుందనుకోవడం సరికాదు. బాహుబలికి ముందు కథను సిరీస్‌గా తీస్తున్నామని నెట్‌ఫ్లిక్స్ 2018లో ప్రకటించింది. దేశమంతా ఎరిగిన పేరు, కావలసినంత డబ్బు రెండూ ఉన్నా ఆ సిరీస్ ప్రేక్షకుల ముందుకు రానే లేదు.

చూసేవారి వైపు నుంచి కొలవడానికి నేను మా అమ్మ ప్రశ్ననే వాడుకుంటాను. జమ్మలమడుగు దగ్గరి పల్లెలో పుట్టి పెరిగిన ఆమె, ఏ సిరీస్ పెట్టినా పది నిమిషాలు చూసి "వీళ్లు యాడోళ్లు?" అని అడుగుతుంది. కథ అర్థం కాక అడిగే ప్రశ్న కాదిది. ఆ మనుషులు ఏ నీళ్లు తాగుతారో, ఏ ఆఫీసు చుట్టూ తిరుగుతారో, ఎవరిని ఏమని పిలుస్తారో తెలిస్తే తప్ప వారి కష్టం తనకు అంటదని ఆమె చెబుతున్న మాట. తెలుగులోకి డబ్ చేసిన సూపర్‌హీరో కథల్లో ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. మా పిల్లలు వాటిని ఇష్టంగా చూస్తారు, అందులో తప్పేమీ లేదు. కానీ ముందరి నాలుగు చూడనివారికి ఐదవది అందదు, ఆ తెలుగు కూడా ఏ ఊరిలోనూ వినిపించని తెలుగు. ఇంతకు మించి ఆ రకం గురించి చెప్పవలసింది నాకు కనిపించదు.

హక్కులు కొని తీసిన కథల సంగతి అంత తేలికగా తేలదు. రానా నాయుడునే తీసుకోండి. అమెరికాలో 2013 నుంచి 2020 వరకు నడిచిన రే డోనవన్ అనే సిరీస్‌కు అది మన దేశపు రూపం. బోస్టన్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు చేరిన కుటుంబం ఇక్కడ హైదరాబాదు మూలాలతో ముంబైకి చేరింది. 2023 తొలి ఆరు నెలలకు నెట్‌ఫ్లిక్స్ ఇచ్చిన లెక్కల్లో మన దేశపు సిరీస్‌లలో ఎక్కువ గంటలు చూసినది ఇదే. వ్యాపారపరంగా ఇంతకన్నా గట్టి రుజువు అక్కరలేదు. కానీ ఇందులో తండ్రిగా వేసిన కుటుంబ చిత్రాల వెంకటేశ్‌ను దశాబ్దాలుగా ఎరిగిన మన ఇళ్లలో ఆ బూతులు విని రిమోట్ వెతుక్కున్నవారు చాలామంది. అసలు కథలోని తండ్రి మొరటుతనాన్ని యథాతథంగా దింపుకున్నారే గాని, ఆ మొరటుతనం తెలుగు ఇంట్లో ఏ రూపంలో ఉంటుందో వెతకలేదని నా అభిప్రాయం. తెలుగు తండ్రి మొరటుతనం చాలాసార్లు మాటల్లో కన్నా మౌనంలో ఉంటుంది.

దీని పక్కన సివరపల్లి సిరీస్‌ను పెట్టి చూడాలి. హిందీలో 2020లో వచ్చిన పంచాయత్‌ను అదే నిర్మాణ సంస్థ 2025 జనవరిలో తెలుగులో తీసింది. ఉత్తరప్రదేశ్ బలియా జిల్లాలోని ఫులేరా తెలంగాణ పల్లెగా మారింది. పట్నం నుంచి వచ్చిన పంచాయతీ కార్యదర్శి, సర్పంచి భార్య అయినా పెత్తనం చేసే భర్త, చేదోడు వాదోడుగా ఉండే మిత్రులు, అందరూ వచ్చారు. సంఘటనలు చాలావరకు అదే క్రమంలో సాగినా ఈ కథ నేలకు అంటుకున్నది. అందుకు యాస ఒక్కటే కారణం కాదు. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత తెలంగాణలో ప్రతి పంచాయతీకి ఒక కార్యదర్శిని పెట్టారు. చదువుకుని ఉద్యోగంలో చేరి, తెలియని పల్లెలో ఒంటరిగా ఆఫీసు తెరిచే యువకుడు అక్కడ ఊహ కాదు, నిజంగా ఉన్న మనిషి. కథకు ఇరుసు ఆ ఒంటరితనమే కాబట్టి బండి నడిచింది.

అదే కథను మన కమలాపురం పక్కనో కదిరి పక్కనో పెట్టి ఉంటే, ఎంత చక్కని సీమ యాస రాసినా అది కూలిపోయేది. మన రాష్ట్రంలో 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలు వచ్చాయి. వ్యవసాయానికి, ఇంజినీరింగుకు, సర్వేకు, సంక్షేమానికి, డిజిటల్ పనులకు అంటూ పదిమంది దాకా ఉద్యోగులు ఒకే కప్పు కింద కూర్చునేలా ఆ వ్యవస్థను కట్టారు. ఇక్కడి కొత్త ఉద్యోగిని పట్టుకునేది ఒంటరితనం కాదు, ఇరుకుదనం. ఈ తేడాను పట్టుకోగలిగినప్పుడే కొన్న కథ మన కథ అవుతుంది. పట్టుకోకపోతే పేర్లు మార్చిన డబ్బింగే అవుతుంది. బిగ్ బాస్ ఆట 1999లో నెదర్లాండ్స్‌లో బిగ్ బ్రదర్‌గా పుట్టి 2017లో తెలుగుకు వచ్చినా చిక్కు రాకపోవడానికి కారణం, ఆ ఇంటికి ఊరు లేకపోవడమే.

తెలిసిన కథను మళ్లీ చెప్పడం తక్కువ పని అని నేను అనడం లేదు. సీమలో పుట్టినవారు ఆ మాట అనలేరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కీచకవధతో నాటక సమాజాన్ని మొదలుపెట్టినప్పుడు ఆ కథ తెలియనివారు ప్రేక్షకుల్లో ఎవరు ఉంటారు? ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఇప్పటికీ రామాయణాన్నే ఆడిస్తున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. కానీ తోలుబొమ్మలాటలో రాముడు, రావణుడు ఎంతసేపు పద్యాల్లో మాట్లాడినా, నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి ఆ ఊరి మాటల్లో ఆ ఏటి కరువును, ఆ వీధి తగాదాను కథలోకి లాక్కొస్తారు. రామాయణం మీద హక్కు ఎవరిదీ కాదు కాబట్టి ఆడించేవారికి ఆ స్వేచ్ఛ ఉన్నది. హక్కులు కొన్న కథలో మార్పుకు అనుమతి అడగాలి, అసలు యజమానికి నచ్చాలి, లెక్క కుదరాలి. కాబట్టి ఒప్పందంలో ఇక్కడి రచయితకు కథ ఇరుసునే మార్చే అధికారం ఉన్నదా లేదా అనేదే నా దృష్టిలో మొదటి రకానికి అసలు పరీక్ష.

ఇక మూడవ రకం. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన సినిమా బండి అనే చిత్రం పెద్ద తారలెవరూ లేకుండా, ఆంధ్ర కర్ణాటక సరిహద్దు పల్లెలో ఒక ఆటో డ్రైవరుకు కెమెరా దొరకడం అనే చిన్న విషయం మీద నడిచింది. మా అమ్మ ఆ ప్రశ్న అడగకుండా చివరిదాకా చూసిన వాటిలో అది ఒకటి, ఎందుకంటే హిందూపురం, మడకశిర వైపు వినిపించే మాట ఆమెకు అందులో వినిపించింది. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన 90స్ అనే సిరీస్ కూడా కొన్న కథ కాదు, ఒక మధ్యతరగతి ఇంటి లెక్కలు, పిల్లల మార్కులు. ఈ దారిలో ప్రమాదం ఎక్కువే; పది ప్రయత్నాల్లో ఎన్ని నిలబడతాయో ముందు ఎవరూ చెప్పలేరు.

సీమకు మాత్రం ఇంకొక ప్రమాదం ఉన్నది, అది బయటి నుంచి కొని తెచ్చినది కాదు. 1990ల చివరి నుంచి తెలుగు సినిమా మనకు అంటగట్టిన ఫ్యాక్షన్ కథ కూడా తెలిసిన పేరు కిందకే వస్తుంది. సుమోలు, బాంబులు, తొడకొట్టే పెద్దలు. కర్నూలు, కడప అని చెబితే చాలు, మిగతాది ప్రేక్షకుడే నింపుకుంటాడు. ఇక్కడ పుట్టిన కథ అనే ముద్రతో మళ్లీ అదే వస్తే, నేను దానికన్నా నెదర్లాండ్స్ కథనే కోరుకుంటాను, ఎందుకంటే పరాయి కథ మన గురించి అబద్ధం చెప్పదు.

అందువల్ల నా తూకం ఇలా ఉంటుంది. చందాదారులను త్వరగా చేర్చుకోవలసిన సంస్థకు తెలిసిన పేరు మేలు. చేరినవారిని నిలుపుకోవడానికి, రచయితలకు చేయి తిరగడానికి శ్రద్ధగా చేసిన అనుసరణ మేలు. అనంతపురంలోనో ప్రొద్దుటూరులోనో డబ్బు కట్టి చూసే ఇంటికి ఇక్కడ పుట్టిన కథ మేలు, అది ఫ్యాక్షన్ కానంతవరకు. చేతిలో ఒకే బడ్జెట్ ఉంటే రెండవ రకంలో పెట్టే ఖర్చులో కొంత తగ్గించి మూడవదానికి ఇవ్వమని అడుగుతాను.

సచివాలయం కథనే ఊహించి చూడండి. నెల ఒకటో తేదీ, పొద్దున్నే పింఛను డబ్బుతో ఇల్లిల్లూ తిరగాలి. వేలిముద్ర పడని ముసలాయన, పనికోసం బెంగళూరుకు వెళ్లి ఆ రోజుకు ఊరు చేరలేని అవ్వ, సిగ్నల్ అందక మిద్దె ఎక్కిన డిజిటల్ అసిస్టెంటు, బోరు ఎండిపోయిందని ఇంజినీరింగ్ అసిస్టెంటును పట్టుకున్న రైతు, వీరందరి నడుమ కొత్తగా చేరిన సర్వేయరు. ఇది రాయగలిగినవారికి ఫులేరా హక్కులు కొనవలసిన పని ఉండదు.