బానీ సెయింట్ జాన్ ప్రసంగాలు: లాంగ్‌టర్మ్ క్లాసులో కొన్నేళ్లు వాడాక

విజయవాడలో లాంగ్‌టర్మ్ పిల్లలకు, అంటే సీటు కోసం నీట్ మళ్లీ రాయడానికి ఇంకో ఏడాది కోచింగ్ తీసుకునేవాళ్లకి, ఫిజిక్స్ చెప్పేవాడికి మోటివేషన్‌కి కొదవేమీ ఉండదు. బ్యాచ్ మొదలవగానే యాజమాన్యం ఎవరో ఒకాయన్ని పిలుస్తుంది. ఆయన మైకు పట్టుకుని గంటసేపు అరుస్తాడు, పిల్లలు చప్పట్లు కొడతారు, మర్నాడు పొద్దున స్టడీ అవర్లో మళ్లీ అవే మొహాలు. అందుకని బానీ సెయింట్ జాన్ వీడియో చూడమని ఎవరో చెప్పినప్పుడు పెద్దగా ఆశ పెట్టుకోలేదు. ఆ తర్వాత ప్రతి బ్యాచ్‌కీ ఏదో ఒక రూపంలో వాడుతూనే ఉన్నాను. ఏది పనికొచ్చిందో, ఏది రాలేదో ఇప్పుడు చెప్పగలను.

ముందు ఆవిడ ఎవరో. అమెరికన్, 1964లో పుట్టారు. ఐదేళ్ల వయసులో కుడికాలు తీసేశారు. పెరిగింది కాలిఫోర్నియాలోని శాన్‌డియేగోలో, అంటే సముద్రం పక్కన, మంచు పడని ఊళ్లో. అయినా 1984లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో జరిగిన వింటర్ పారాలింపిక్స్‌లో స్కీయింగ్‌లో ఒక రజతం, రెండు కాంస్యాలు గెలిచారు. ఆ పోటీల్లో పతకం సాధించిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ ఆవిడే. హార్వర్డ్‌లో చదివారు, రోడ్స్ స్కాలర్‌గా ఆక్స్‌ఫర్డ్‌కీ వెళ్లారు. ఆట మానేశాక చాలా ఏళ్లుగా ప్రసంగాలే ఆవిడ వృత్తి.

అందరికీ తెలిసిన కథ స్లాలమ్‌ది, అంటే మంచు వాలు మీద గేట్ల మధ్య మలుపులు తిరుగుతూ రెండుసార్లు దిగే స్కీ పందెంది. మొదటి రన్‌లో ఆవిడే ముందున్నారు. రెండో రన్‌లో ట్రాక్ మీద ఒకచోట మంచు గడ్డకట్టి ప్రమాదకరంగా ఉంది, అక్కడ చాలామంది పడ్డారు. ఈవిడా పడ్డారు, లేచారు, మూడో స్థానంలో వచ్చారు. బంగారం గెలిచినావిడ కూడా పడింది, కాకపోతే ఈవిడ కంటే త్వరగా లేచింది. పడటం అందరికీ ఉంటుంది, గెలిచేవాళ్లు లేస్తారు, బంగారం గెలిచేవాళ్లు ఇంకాస్త త్వరగా లేస్తారు అని ఆవిడ దాని నుంచి తేల్చిన మాట.

ఇందులో నాకు నచ్చింది ఆ చివరి నినాదం కాదు, బంగారం గెలిచినావిడ కూడా పడిందన్న సంగతి. మా పిల్లల్లో చాలామందికి ఒక నమ్మకం ఉంటుంది: మొదటిసారే సీటు కొట్టినవాడికి పరీక్షలో ఎక్కడా తడబాటే ఉండదని. నీట్‌లో 180 ప్రశ్నలు, ఒప్పుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి. మంచి ర్యాంకు వచ్చినవాడి పేపర్లోనూ తప్పులుంటాయని వాళ్లకి ఎవరూ చెప్పరు.

నినాదం మాత్రం మొదట్లోనే బెడిసికొట్టింది. పల్నాడు నుంచి వచ్చిన ఒకమ్మాయి లేచి, "సార్, ఆవిడ లేవడానికి కొన్ని సెకన్లు పట్టింది, మాకు ఏడాది పడుతోంది కదా" అంది. నా దగ్గర జవాబు లేదు. కౌలు పొలం మీద అప్పు చేసి ఫీజు కట్టిన తండ్రి ఉన్న పిల్లకి 'త్వరగా లే' అని చెప్పడం ఇంకో తిట్టులాగే వినిపిస్తుంది. లేవడంలో ఆలస్యమైతే అదీ నీ తప్పే అన్నట్టు.

అప్పటి నుంచి ఆ కథని సంవత్సరం లెక్కలో చెప్పడం మానేసి పరీక్ష లోపలి లెక్కలో చెబుతున్నాను. అక్కడ అతికినట్టు సరిపోతుంది. ఒక ప్రశ్న దగ్గర ఇరుక్కుని ఐదు నిమిషాలు పోగొట్టుకున్నవాడు ఆ కంగారులో తర్వాతి పది ప్రశ్నలు పాడుచేసుకుంటాడు. గ్రాండ్ టెస్ట్ (అసలు పరీక్షలాగే మేం పెట్టే మాక్ టెస్ట్) పేపర్లు తిరగేస్తే తప్పులన్నీ గుంపులుగా కనిపిస్తాయి. త్వరగా లేవడం అంటే అక్కడ నిజంగా సెకన్ల పనే.

బానీ ఆ తర్వాత చేసిన పని కూడా ఈ చిన్న లెక్కలదే. జిమ్ లోర్ అనే మనస్తత్వవేత్త టెన్నిస్ ఆటగాళ్లను గమనించి, పాయింటుకీ పాయింటుకీ మధ్య ఉండే ఆ కాస్త వ్యవధిలో టాప్ ప్లేయర్లు టెన్షన్ దించుకుంటారని చెప్పాడు. ఆవిడ దాన్ని మామూలు మనుషుల రోజువారీ పనిలోకి తెచ్చారు. మనసులో ఉన్నదానికి పేరు పెట్టడం, ఊపిరి నెమ్మదిగా వదలడం, నీళ్లు తాగడం లాంటివి. వినడానికి అమ్మమ్మ చెప్పినట్టే ఉంటాయి. 'నాకు భయంగా ఉంది' అని రఫ్ షీటు మూల రాసి ముందుకెళ్లమంటే పిల్లలు మొదట నవ్వారు. కొందరు ఇప్పటికీ రాస్తున్నారు.

మనసు బాగోనప్పుడు తెరుచుకోవడానికి ఇష్టమైన వస్తువులు ఒకచోట పెట్టుకోమంటారు ఆవిడ. హాస్టల్లో ఫోన్ ఉండదు కాబట్టి పిల్లల ట్రంకు పెట్టెల్లో ఇంటి ఫొటోలు, చెల్లి రాసిన చీటీలు చేరాయి. ఒకడు కారప్పూస డబ్బా పెట్టుకున్నాడు. రెండు రోజుల్లో రూమంతా కలిసి దాని సంగతి తేల్చారు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఉదాహరణల్లో సగం ఆఫీసు మీటింగులు, ఈమెయిళ్లు, మేనేజర్లు. కంపెనీల వాళ్ల కోసం చెప్పినవి కాబట్టి అలాగే ఉంటాయి. మా పిల్లలకి అవి పట్టవు. ఇంగ్లీషు వేగం కూడా ఎక్కువే. పూర్తి వీడియో వేస్తే వెనక బెంచీలు నిద్రపోతాయి. నేను రెండు మూడు నిమిషాల ముక్క చూపించి మిగతాది తెలుగులో చెప్పేస్తాను.

మంచు సంగతి వేరే కథ. గుంటూరు కుర్రాడొకడు, "మా నాన్న మిర్చి కోల్డ్ స్టోరేజీలో పని చేస్తాడు సార్, అక్కడ కూడా మంచు ఉండదు" అన్నాడు. అందుకే బోర్డు మీద వాలు గీసి, వాలు వెంట కిందికి లాగే బలం ఎంజీ సైన్ థీటా అని రాసి, మలుపు తిరగాలంటే స్కీ అంచు మంచులోకి దిగి పక్కకి తోయాలని, గట్టి గడ్డ మీద అంచు దిగక ఆ బలం చాలదని చెప్పాను. ఎలా లేచింది అన్నదానికంటే ఎందుకు పడింది అన్నది వాళ్లకి బాగా ఎక్కింది. ఒక కాలికి స్కీ, చేతుల్లోని ఊతకర్రల చివర చిన్న స్కీలు, అంటే మంచు మీద మూడు గీతలు. ఆ బొమ్మని చాలామంది నోట్సులో గీసుకున్నారు.

మనవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ప్రతి బ్యాచ్ అడుగుతుంది. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌కి మన దేశం నుంచి వెళ్లింది ఆరిఫ్ ఖాన్ ఒక్కడే, కశ్మీరీ. జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానం, స్లాలమ్ పూర్తి చేయలేకపోయాడు. పతకం లేని ఈ ముక్కని యాజమాన్యం పిలిచే వక్తలు చచ్చినా చెప్పరు. పిల్లలు మాత్రం చెవులు రిక్కించి విన్నారు.

డిగ్రీ, ఉద్యోగం స్థాయిలో ఉన్నవాళ్లు ఆవిడ వీడియోలు నేరుగా చూడొచ్చు. క్లాసులో వాడాలనుకునే లెక్చరర్లు మాత్రం గ్రాండ్ టెస్ట్ మార్కులు వచ్చాక కాకుండా ముందు వారం వాడండి. స్లాలమ్ రూలు కూడా ముందే చెప్పండి: రెండు రన్‌ల టైమూ కలుపుతారు, గేటు తప్పకపోతే పడి లేచినా లెక్కలోకి వస్తుంది. అది చెప్పకపోతే, పడ్డాక రేసు అయిపోయినట్టే కదా సార్, ఇంకా ఎందుకు లేవడం అని మొదటి బెంచీ నుంచే అడుగుతారు.