ఎర్ర బటన్‌తో నాలుగు సీజన్లు: మా జీడిపప్పు డ్రయ్యర్‌కి పెట్టిన గ్యాస్ బర్నర్

మాది పర్లాకిమిడి, ఊరి బయట చిన్న జీడి యూనిట్. ఇదివరకు పప్పు ఆరబెట్టడానికి పిక్క తొక్కే కాల్చేవాళ్ళం, పొగ, ఘాటు, రాత్రంతా పొయ్యి దగ్గర ఒక మనిషి కాపలా. నాలుగు సీజన్ల కిందట అది పీకేసి గ్యాస్‌తో నడిచే హాట్ ఎయిర్ జనరేటర్, అంటే వేడి గాలి తోలే మిషన్, పెట్టించా, గంటకి 30 వేల కిలోక్యాలరీలది, 19 కిలోల సిలిండర్లు నాలుగు వరసగా కలిపి. పేరులోనే ఒక తలనొప్పి ఉంది, ఫోన్ చేసి జనరేటర్ ఆగిపోయింది అంటే డీజిల్ మెకానిక్ దిగుతాడు, అందుకే మేం దాన్ని బర్నర్ అనే అంటాం. మిగతా లెక్కలన్నీ కాగితాల్లో ఉంటాయి, అవి రాయను. నాకున్న గొడవంతా దాని ప్యానెల్ మీదున్న ఎర్ర బటన్‌తో, మంట లేదనుకుంటే మిషన్ తనే గ్యాస్ ఆపేసి ఎర్ర లైటు వెలిగిస్తుంది, మళ్ళీ నడవాలంటే ఆ బటన్ నొక్కాలి.

ముందు మంచే చెప్తా. 70 డిగ్రీలు పెడితే 70 దగ్గరే నిలబడుతుంది, ఏడు గంటల్లో పప్పు దిగిపోతుంది, బొటనవేలితో నొక్కితే పొర దానంతటదే ఊడుతుంది. పొగ వాసన లేదు. మంట వేరే గొట్టంలో, గాలి వేరే దారిలో పోతాయి కాబట్టి పప్పుకి ఏమీ అంటదు. మూడు క్వింటాళ్ళ బ్యాచ్‌కి అర సిలిండర్ పైచిలుకు అవుతుంది. మొదటి నెల చూసినవాళ్ళందరికీ కొనుక్కోండి కొనుక్కోండి అని చెప్పా.

తర్వాత వానలు మొదలయ్యాయి. మాకు మహేంద్రగిరి వైపు నుంచి గాలి లేస్తే చాలు కరెంటు పోద్ది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పడ్డ పాట్లు మర్చిపోలేక ఆ తర్వాతే డీజిల్ జనరేటర్ కొని పెట్టుకున్నా, కాబట్టి నాకేటి భయం అనుకున్నా. ఒక రాత్రి రెండున్నరకి కరెంటు పోయింది, డీజిల్ స్టార్ట్ చేసారు, లైట్లు వెలిగాయి, ఫ్యాన్ తిరిగింది, పది నిమిషాలకి మా రాత్రి మనిషి ఫోన్, "బాబూ, లాల్ బత్తి జొలిలా" అని. ఎర్ర లైటు వెలిగిందంట.

బండేసుకుని వెళ్ళి చూసా. బటన్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, అర నిమిషం ఖాళీ గాలి తోలుతుంది, టిక్ టిక్ మని స్పార్క్, గ్యాస్ వాల్వ్ తెరుచుకున్న చప్పుడు, చూసే గాజులోంచి నీలం మంట చక్కగా కనపడుతుంది, ఒకటి రెండు మూడు, ఠక్, ఆరిపోయింది, మళ్ళీ ఎర్ర లైటు. మంట నా కళ్ళ ముందు మండుతుంటే మిషన్ మాత్రం మంట లేదంటుంది! ఆరుసార్లు నొక్కా. ఆ ఖాళీ గాలి తోలడం ఎందుకో అప్పుడు తెలీదు నాకు, ప్రతిసారీ కాలకుండా మిగిలిన గ్యాస్‌ని బయటికి నెట్టేస్తుంది కాబట్టి సరిపోయింది గానీ అది లేకపోతే ఏడోసారికి ఢామ్మనేదే. ఇప్పుడు మా దగ్గర రూలు, రెండుసార్లు నొక్కాక ఎవరూ ముట్టుకోకూడదు.

నాలుగున్నరకి కరెంటు వచ్చింది, ఒక్కసారి నొక్కితే మామూలుగా మండింది. ఈలోపు పప్పు చల్లారి తేమ పట్టింది. పొద్దున్న పొట్టు తీసే ఆడవాళ్ళు కత్తి పట్టుకుని గీకాల్సి వచ్చింది, గీకితే గుండు పగిలి బద్ద అవుతుంది, గుండుకీ బద్దకీ రేటులో ఎంత తేడానో ఈ పనిలో ఉన్నోళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇలా ఆ సీజన్‌లో ఎన్నిసార్లో. మొదట లిమిట్ స్టాట్, అంటే వేడి మితిమీరితే బర్నర్ ఆపేసేది, అదే కారణం అనుకున్నాం, ఎందుకంటే కరెంటు పోగానే ఫ్యాన్ ఆగిపోయి లోపలి వేడి అక్కడే ఉండిపోతుంది, అదీ ఒక్కోసారి పడి బర్నర్‌ని ఆపేది నిజమే, కానీ దాని బటన్ వేరు. తర్వాత గ్యాస్ ప్రెజర్ అన్నారు. తర్వాత ఫ్లేమ్ రాడ్ అన్నారు, మంటలో ఉండి మంట ఉందో లేదో పసిగట్టే కడ్డీ, అది తీసి చూస్తే తెల్లగా పూత పట్టి ఉంది, సన్న ఎమరీ కాగితంతో రుద్ది పెట్టాం, ఏం తేడా లేదు. డీలర్ పంపిన మెకానిక్ కంట్రోల్ బాక్సే పోయిందని తేల్చాడు, 8,500 పెట్టి కొత్తది వేయించా, వేసిన నాలుగో రోజే కరెంటు పోయి మళ్ళీ ఎర్ర లైటు. అప్పుడు అతను మెల్లగా, రాడ్‌ని బైపాస్ చేసేద్దాం సార్, లైటే వెలగదు అన్నాడు. మంట ఉందో లేదో చూసే కన్ను పీకేసి గ్యాస్ వదులుకోమని సలహా అన్నమాట. టీ ఇచ్చి పంపించేసా.

దొరకబట్టింది మా బామ్మర్ది. పాతపట్నంలో మోటార్లు చుట్టే షాపు. పండక్కి వచ్చినప్పుడు ఊరికే చెప్తే, "బావా, కరెంటు మీద ఎప్పుడైనా లాకవుట్ అయిందా?" అన్నాడు, అంటే అలా ఎర్ర లైటు వెలిగి ఆగిపోవడం. ఆలోచిస్తే ఒక్కసారీ కాలేదు. అయిందల్లా డీజిల్ మీదే. రెండేళ్ళు నాకు ఈ ముక్క ఎందుకు తట్టలేదో. మీటర్ తీసి పెట్టాడు, కరెంటు మీద ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ దాదాపు సున్నా. డీజిల్ ఆన్ చేయించాడు, ఫేజ్ నుంచి ఎర్త్‌కి నూట చిల్లర, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కీ నూట చిల్లర. జనరేటర్ పెట్టినోడు దాని న్యూట్రల్‌ని భూమికి కలపనే లేదు, గాల్లో వేలాడుతుంది.

దానికీ మంటకీ ఏటి సంబంధం అంటే, మంట కూడా కొంచెం కరెంటు మోస్తుందంట, అదీ ఒకవైపే ఎక్కువ, మైక్రోయాంపుల్లో. బాక్సు రాడ్‌లోకి వోల్టేజ్ పంపితే అది మంట మీదుగా బర్నర్ బాడీకి, అక్కణ్ణుంచి ఎర్త్ దారిలో న్యూట్రల్‌కి తిరిగి రావాలి, వస్తేనే మంట ఉన్నట్టు లెక్క. డీజిల్ మీద ఆ తిరుగుదారే లేదు. ఫేజూ న్యూట్రలూ తారుమారైనా ఇదే రోగం వస్తుందని చెప్పి, కరెంటు నుంచి డీజిల్‌కి మార్చే ఛేంజోవర్ స్విచ్ కూడా విప్పి చూసాడు, అది బాగానే ఉంది. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి కొత్త ఎర్త్ పిట్ తీయించి జనరేటర్ న్యూట్రల్ దానికి కలిపించి, బర్నర్ బాడీకి కూడా విడిగా ఒక పచ్చ వైరు లాగించాం. సాయంత్రం కావాలనే మెయిన్ ఆపి డీజిల్ వేసాం. మంట వచ్చింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, పది లెక్కపెట్టే దాకా నేను ఊపిరి తీసుకోలేదు. రెండు సీజన్లయింది, డీజిల్ మీద మళ్ళీ ఎర్ర లైటు రాలేదు.

అలాగని అంతా బాగుందని కాదు. పైన 70 అంటే 70 అన్నా కదా, అది డిస్‌ప్లే మీద సంగతి. పై వరస ట్రేలు త్వరగా రంగు తిరుగుతాయి, వెనక కింద మూల వెనకబడుతుంది, మూడు గంటలకోసారి ట్రేలు మార్చాల్సిందే, అంటే రాత్రి మనిషి ఖర్చు నేను అనుకున్నట్టు పోలేదు. అర సిలిండర్ లెక్క కూడా ఎండాకాలానిది. డిసెంబరులో తెల్లవారుజామున సిలిండర్లకి సగం దాకా తెల్లగా మంచు పడుతుంది, లోపల గ్యాస్ ఎంతుందో ఆ గీత చూసి చెప్పొచ్చు గానీ ప్రెజర్ పడిపోయి బర్నర్ ఆగుతుంది, అప్పుడు ఇంకో రెండు సిలిండర్లు కలుపుతున్నాం. పొట్టు తీసే గదికి దగ్గరలో పెట్టడం నా తప్పు, ఆ పొట్టు దుమ్మంతా బ్లోయర్ లాక్కుని జాలీ మూసుకుపోతుంది, వారానికోసారి దులపాలి.

కొనొచ్చా అంటే, నా దగ్గర మిగిలే పిక్క తొక్కంతా నూనె తీసేవాళ్ళు కొనుక్కుపోతారు కాబట్టి గ్యాస్ ఖర్చు కొంత కలిసొస్తుంది. తొక్క ఊరికే పడుండే వాళ్ళకి ఈ లెక్క కుదరదేమో, పెద్ద యూనిట్ల సంగతి నాకు తెలీదు. కొంటే మాత్రం బర్నర్ దింపకముందే మీ డీజిల్ జనరేటర్ న్యూట్రల్ ఎక్కడికి పోతుందో చూపించమనండి. అన్నట్టు, ఆ 8,500 బాక్సు తీసేసి పాతదే మళ్ళీ బిగించాం, శుభ్రంగా పనిచేస్తుంది. కొత్తది బీరువాలో ఉంది, బిల్లుతో సహా, చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే చెప్పండి.