అనంతపురం నుంచి కౌలాలంపూర్: రెండు రాత్రులు, సోమవారం మధ్యాహ్నం రైలు

మలేసియా రాజధాని కౌలాలంపూర్ చూసి రావడానికి అనంతపురం వాళ్లకు రెండు రాత్రులు చాలు. కాకపోతే తిరుగు ప్రయాణం ఆదివారం రాత్రి కాకుండా సోమవారం పగలు పెట్టుకోవాలి, బెంగళూరు నుంచి ఇంటికి రైల్లోనే రావాలి. ఒక్క రోజు సెలవు ఖర్చవుతుంది. ఆ సెలవు పెట్టడం పూర్తిగా లాభమేనని నా అనుభవం.

మలేసియా 2023 డిసెంబర్ 1 నుంచి మనవాళ్లను వీసా లేకుండా 30 రోజుల వరకు ఉండనిస్తోంది. అప్పటినుంచి వీలు చిక్కినప్పుడల్లా ఇదే దారిలో వెళ్లి వస్తున్నాను. ఒక్కణ్నే వెళ్లాను, మా ఆవిడతో వెళ్లాను, అమ్మను తీసుకెళ్లాను. దిగడానికి మూడు రోజుల లోపు డిజిటల్ అరైవల్ కార్డ్ ఆన్‌లైన్‌లో నింపాలి. దానికి పైసా కట్టక్కర్లేదు. ఎవరైనా డబ్బులు అడిగారంటే అది అసలు సైట్ కాదు.

పోయేటప్పుడు మాత్రం బస్సే మేలు. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి కాస్త ముందు బయటపడి హైవే మీద పోయే బెంగళూరు బస్సు ఎక్కితే విమానాశ్రయం ఊరికి ఇవతలే వస్తుంది. దేవనహళ్లి దాటాక ఎయిర్‌పోర్ట్ క్రాస్ దగ్గర దిగిపోవచ్చు. మెజెస్టిక్ బస్టాండ్ దాకా పోయి ట్రాఫిక్‌లో వెనక్కి రావాల్సిన పని లేదు. రాత్రి విమానం నాలుగు గంటలు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు కాబట్టి దిగేసరికి తెల్లవారి ఉంటుంది.

విమానాశ్రయం నుంచి కౌలాలంపూర్ పెద్ద రైల్వే స్టేషన్ కేఎల్ సెంట్రల్‌కు ఎక్స్‌ప్రెస్ రైలు అరగంటలో చేరుస్తుంది, టికెట్ 55 రింగిట్‌లు. రింగిట్ ఇరవై రూపాయల చుట్టుపక్కల ఉంటుంది కనుక ఇంటిల్లిపాదికీ అంటే బరువే. నేను బస్సులోనే పోతాను. గంట పడుతుంది, ఖర్చు మాత్రం చాలా తక్కువ. హోటల్లో గదికి రోజుకు 10 రింగిట్‌ల టూరిజం పన్ను విడిగా కట్టించుకుంటారు, అది ఆన్‌లైన్ బుకింగ్ ధరలో కలిసి ఉండకపోవచ్చు. మొదటిసారి కౌంటర్ దగ్గర ఇదేదో మోసమని గొడవపడేవాళ్లను చూశాను. మోసం కాదు, విదేశీయులందరూ కట్టేదే.

ఉండటానికి పసార్ సెని స్టేషన్ చుట్టుపక్కల చూసుకోండి. 1888 నాటి సెంట్రల్ మార్కెట్, పెటాలింగ్ స్ట్రీట్, 1873లో స్థాపించిన మహామారియమ్మన్ గుడి, గోంబాక్, క్లాంగ్ నదులు కలిసేచోట ఉన్న జమెక్ మసీదు, అన్నీ నడిచి చూసేయొచ్చు. రెండు రోజుల్లో ఊరంతా చుట్టేయాలనుకుంటే మిగిలేది కాళ్ల నొప్పులే. 452 మీటర్ల పెట్రోనాస్ ట్విన్ టవర్స్‌ను కింద పార్కులో కూర్చుని చూస్తేనే అందం. పైకి ఎక్కే టికెట్ డబ్బులు తిండికి పెట్టుకోండి.

తిండి అంటే, పొద్దున్నే అక్కడి లిటిల్ ఇండియా అయిన బ్రిక్‌ఫీల్డ్స్‌లో రోటీ చనాయ్ తినాలి. నూనెలో నానిన పిండిముద్దను తీసుకుని, బల్ల మీద అరచేత్తో అదిమి, గాల్లోకి విసిరి విసిరి అవతలి మనిషి కనిపించేంత పల్చగా చేస్తారు. దాన్ని నాలుగు వైపులా మడిచి పెనం మీద వేస్తారు. కాలాక రెండు చేతుల మధ్య పెట్టి ఒక్క చరుపు చరిస్తే పొరలన్నీ విడిపోతాయి. పక్కన పప్పు. ఉగ్గాని, బజ్జీ తిని పెరిగిన నాలుకకు కూడా అది బాగా నచ్చింది.

మురుగన్ గుహాలయం ఉన్న బటు కేవ్స్‌కు కేఎల్ సెంట్రల్ నుంచే కొమ్యూటర్ రైలు ఉంది, మూడు రింగిట్‌ల లోపే. రైళ్లు తరచుగా ఉండవు, టైమ్ చూసుకుని వెళ్లాలి. 42.7 మీటర్ల మురుగన్ విగ్రహం పక్కనుంచి 272 మెట్లు ఎక్కాలి. ఎండ ముదరకముందే ఎక్కేయాలి, చేతిలో కవరు కనిపిస్తే కోతులు వదలవు. అమ్మ రెయిలింగ్ పట్టుకుని నిదానంగానే ఎక్కింది కానీ, పైన దర్శనం అయ్యాక "దిగేటప్పుడే భయంగా ఉంది నాయనా, పక్కనే ఉండు" అంది. మెట్లు నిటారుగా, పాదం చాలనంత సన్నగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్తే దిగడానికి ఎక్కువ టైమ్ పెట్టుకోండి.

ఇక తిరుగు ప్రయాణం. ఆదివారం రాత్రి విమానంలో వస్తే బెంగళూరులో ఏ అర్ధరాత్రో దిగుతాం. అక్కడి నుంచి అనంతపురానికి క్యాబ్ అంటే వేలల్లో ఖర్చు, పైగా డ్రైవర్‌కు ఎక్కడ కునుకు పడుతుందోనని టెన్షన్. అదే సోమవారం ఉదయం అక్కడ బయలుదేరే విమానమైతే, ఆ రెండున్నర గంటలూ మనకు తిరిగొస్తాయి కాబట్టి, మధ్యాహ్నంలోపే బెంగళూరులో ఉంటాం. 2023 సెప్టెంబర్‌లో మొదలైన యశ్వంత్‌పూర్–కాచిగూడ వందే భారత్ మధ్యాహ్నం బయలుదేరి మూడు గంటల్లో అనంతపురం చేరుస్తుంది. అది దొరక్కపోతే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్.

నిజం చెప్పాలంటే నాకు ప్రశాంతియే ఇష్టం. యలహంకలో ఎక్కొచ్చు, విమానాశ్రయానికి అదే దగ్గర, హెబ్బాళ ట్రాఫిక్ బాధ ఉండదు. స్లీపర్‌లో కిటికీ తెరుచుకుంటుంది. గౌరిబిదనూరు దాటి హిందూపురం వచ్చేసరికి బోగీలో కన్నడం తగ్గి మన మాట వినిపిస్తుంది, శెనక్కాయల బుట్టలు వస్తాయి. ధర్మవరం దిగే నేతవాళ్లు సీటు కింద పెట్టిన పట్టునూలు మూటలను మాటిమాటికీ తడిమి చూసుకుంటారు. పెనుకొండ కొండ కనిపించాక అమ్మ రెండు రోజులుగా పెట్టుకున్న షూ విప్పి, కాళ్లు చాపి నిద్రపోయింది. క్యాబ్‌లో ఆ నిద్ర పట్టదు.

ఈ దారికున్న లోపం ఒక్కటే, విమానం ఆలస్యమైతే మధ్యాహ్నం రైలు పోతుంది. ఒకసారి అలాగే అయింది. విమానం దిగేసరికే రైలు టైమ్ దాటిపోయింది, టికెట్ డబ్బులు రాలేదు. సాయంత్రం దాకా యలహంకలోనే ఉండి, రాత్రి ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలో హిందూపురం దాకా నిలబడి వచ్చాను. అప్పటినుంచి విమానం దిగే టైమ్‌కూ రైలుకూ మధ్య నాలుగు గంటలు తక్కువైతే ఆ టికెట్ కొనడం లేదు. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు ఐదు గంటలు పెట్టుకోండి.

కర్నూలు వాళ్లకు కూడా ఇదే వందే భారత్ పనికొస్తుంది, అనంతపురం తర్వాత ఇంకో రెండు గంటలకు పైగా ప్రయాణం. కడప వాళ్లు బెంగళూరు కంటే చెన్నైలో విమానం ఎక్కి, వచ్చేటప్పుడు రేణిగుంట మీదుగా రైల్లో రావడం నయం.