పెళ్లి వీడియోలకు పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ: కొన్ని సీజన్లు వాడాక నా సమీక్ష

పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ, అంటే మెమరీ చిప్పుల్లో డేటా దాచే చిన్న డ్రైవ్, కొనబోయేవాళ్లు నన్ను మొదట అడిగేది స్పీడ్ గురించే. ఒక డబ్బా మీద సెకనుకు 1050 ఎంబీ అని ఉంటుంది, పక్కదాని మీద 2000 ఎంబీ అని ఉంటుంది, ధర కూడా దానికి తగ్గట్టే పెరుగుతుంది. నేను గుంటూరు, తెనాలి, విజయవాడ చుట్టుపక్కల పెళ్లిళ్లకు వీడియో తీస్తాను, ఎడిటింగ్ కూడా నేనే చేసుకుంటాను. కొన్ని సీజన్లుగా బ్యాగులో ఎస్‌ఎస్‌డీ లేకుండా ఏ పెళ్లికీ వెళ్లలేదు. ఇన్నాళ్లలో నా పనికి అన్నిటికంటే తక్కువ ఉపయోగపడిన అంకె ఆ డబ్బా మీది స్పీడే. నాకు కావాల్సిన సంగతి చాలా డబ్బాల మీద రాసి ఉండదు: వందల జీబీ ఆగకుండా ఎక్కిస్తుంటే చివరిదాకా ఒకే తీరున రాస్తుందా, మధ్యలో నీరసపడుతుందా అన్నది.

ఇప్పుడు నా ప్రధాన డ్రైవ్ శాంసంగ్ టీ7 షీల్డ్, 2 టీబీ. 2022లో వచ్చిన మోడల్. బరువు 98 గ్రాములు, చుట్టూ రబ్బరు తొడుగు, యూఎస్‌బీ 3.2 జెన్ 2 కనెక్షన్. చదవడం 1050, రాయడం 1000 ఎంబీ అని కంపెనీ చెప్పే లెక్క. అంతకుముందు ఒక చవక రకం 1 టీబీ డ్రైవ్ వాడాను. దాని పేరు చెప్పను, ఎందుకంటే నేను పడిన ఇబ్బంది ఆ ఒక్క కంపెనీది కాదు, ఆ ధరలో దొరికే చాలా డ్రైవ్‌లది. ఇంకా ముందు, అందరిలాగే మామూలు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లు.

హార్డ్‌డిస్క్ ఎందుకు వదిలేశానో ముందు చెబుతాను. పెళ్లిలో ల్యాప్‌టాప్ పెట్టుకోవడానికి మనకు దొరికేది విడిది గదిలో ఒక ప్లాస్టిక్ కుర్చీ, లేకపోతే మండపం వెనక సౌండ్ బాక్సుల పక్కన కాస్త చోటు. పిల్లలు పరిగెత్తుతుంటారు, వైరు ఎవరి కాలికో తగులుతుంది. హార్డ్‌డిస్క్ లోపల పళ్లెం తిరుగుతూ, దాని మీద సన్నని హెడ్ కదులుతూ ఉంటుంది. కాపీ నడుస్తుండగా కిందపడితే ఇక చెప్పక్కర్లేదు. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. నాకు ఈ ఒక్క కారణం చాలు. స్పీడ్ తర్వాతి మాట.

ఆ స్పీడ్ విషయంలో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. మన కెమెరాల్లో ఎక్కువగా వాడేది యూహెచ్‌ఎస్-1 రకం ఎస్‌డీ కార్డులు. ఆ కార్డు మామూలు రీడర్‌లో పెడితే సెకనుకు సుమారు 90 ఎంబీ ఇస్తుంది, అంతే. అవతల 1000 ఎంబీ రాయగల డ్రైవ్ పెట్టినా, 2000 ఎంబీ డ్రైవ్ పెట్టినా, కార్డు ఇచ్చేది ఆ తొంభయ్యే. 4కె వీడియో 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు, అంటే 12.5 ఎంబీ) బిట్‌రేట్‌లో తీస్తే గంటకు 45 జీబీ అవుతుంది. కెమెరాలన్నీ కలిపి ఆరు గంటల ఫుటేజ్ అంటే 270 జీబీ. ఒకే రీడర్‌తో దించితే యాభై నిమిషాలు పడుతుంది, డ్రైవ్ ఏదైనా సరే. ఇంకా వేగమైన యూహెచ్‌ఎస్-2 రకం కార్డు, దానికి తగ్గ రీడర్ కొంటే ఈ సమయం సగానికంటే తగ్గుతుంది. కాబట్టి డబ్బు పరిమితంగా ఉంటే 2000 ఎంబీ డ్రైవ్ కంటే ముందు మంచి రీడర్ కొనమని నా సలహా.

మరి ఎస్‌ఎస్‌డీతో కాపీలో లాభమే లేదా అంటే, ఉంది. రెండు రీడర్లు పెట్టి రెండు కార్డులు ఒకేసారి దించండి. హార్డ్‌డిస్క్ అయితే హెడ్ అటూ ఇటూ పరిగెత్తలేక రెండు కాపీలూ కుంటుతాయి. ఎస్‌ఎస్‌డీకి ఆ బాధ లేదు, రెండూ పూర్తి వేగంతో వస్తాయి. ఎదురుకోలు, స్నాతకం తీసిన కార్డులు జీలకర్ర-బెల్లం టైముకు ఖాళీ చేసి మళ్లీ కెమెరాలో పెట్టాలంటే నాకు ఈ పద్ధతే దిక్కు. అసలు సుఖం మాత్రం ఎడిటింగ్‌లో తెలుస్తుంది. మూడు కెమెరాల తలంబ్రాలు మల్టీక్యామ్‌లో పెట్టి డ్రైవ్ మీద నుంచే నేరుగా ప్లే చేస్తే ఎక్కడా ఆగదు. అదే పని హార్డ్‌డిస్క్ మీద చేసినప్పుడు ప్రతి కట్ దగ్గరా ఒక్క క్షణం బిగుసుకుపోయేది.

ఇక నీరసపడటం గురించి. ఎస్‌ఎస్‌డీలో మెమరీ చిప్పు ఒక్కో గదిలో ఎన్ని బిట్లు దాస్తుందన్నదాన్ని బట్టి రకాలు ఉంటాయి. మూడు బిట్లు దాస్తే టీఎల్‌సీ, నాలుగు దాస్తే క్యూఎల్‌సీ. బిట్లు పెరిగే కొద్దీ చవక, రాయడం నెమ్మది. ఆ నెమ్మది కనిపించకుండా కంపెనీలు ఖాళీగా ఉన్న గదుల్లో కొన్నిటిని గదికి ఒక్క బిట్ చొప్పున వేగంగా రాసే క్యాష్‌గా వాడతాయి. మిల్లు ముందు లారీ ఆగగానే బస్తాలన్నీ గబగబా వరండాలో దించేసి, తర్వాత తీరిగ్గా గోదాములోకి మోసినట్టన్నమాట. వరండా నిండిందా, లారీ ఆగాల్సిందే. డబ్బా మీద రాసే అంకె వరండాలో దించే వేగం.

నా పాత క్యూఎల్‌సీ డ్రైవ్ ఇక్కడే ఏడిపించింది. మొదటి కొన్ని పదుల జీబీ దౌడు తీసేది. తర్వాత హార్డ్‌డిస్క్ కంటే కిందికి పడిపోయేది. డ్రైవ్ ముప్పాతిక వంతు నిండి ఉంటే ఇంకా తొందరగా పడిపోయేది, ఎందుకంటే క్యాష్‌గా వాడుకోవడానికి ఖాళీ గదులే మిగలవు. రాత్రి ముహూర్తం పెళ్లిలో, ఇంకో అరగంటలో సుముహూర్తం అనగా కాపీ బార్ కదలకుండా నిలబడిపోతే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. టీ7 షీల్డ్ టీఎల్‌సీ రకం. పెద్ద ఫైళ్లు ఆగకుండా రాయడంలో నిలకడ ఉండేలా చేశామని శాంసంగ్ అప్పట్లో ప్రత్యేకంగా చెప్పుకుంది, నా వాడకంలో ఆ మాట నిజమైంది. ఒక సీజన్ ప్రాజెక్టులన్నీ ఒకేసారి ల్యాప్‌టాప్ నుంచి దీంట్లోకి ఎక్కించినా మొదట్లో ఉన్న జోరు చివర్లోనూ కనిపించింది. అయినా నేను ఏ ఎస్‌ఎస్‌డీనీ పూర్తిగా నింపను, ఐదో వంతు ఖాళీగా ఉంచుతాను. 2 టీబీ అని కొన్నది విండోస్‌లో 1.81 టీబీగా కనిపిస్తుంది, అందులో ఐదో వంతు వదిలేస్తే మిగిలేది ఒకటిన్నర కంటే కాస్త తక్కువ. ఈ లెక్క వేసుకుని సైజు ఎంచుకోండి.

"నాది కూడా టీ7 షీల్డే అన్నా, 40 ఎంబీ దాటట్లేదు" అని తమ్ముళ్లు ఫోన్ చేస్తుంటారు. ప్రతిసారీ తేలేది కేబులే. ఫోన్ ఛార్జర్‌తో వచ్చిన సీ-టు-సీ కేబుళ్లలో చాలావాటికి లోపల ఉండేది యూఎస్‌బీ 2.0 వైరింగే. చూడటానికి తేడా ఏమీ తెలియదు, డ్రైవ్ కూడా పనిచేస్తుంది, వేగం మాత్రం 40 దగ్గర ఆగిపోతుంది. డ్రైవ్‌తో పాటు వచ్చిన కేబుల్‌కి రంగు టేపు చుట్టి, దాన్ని ఛార్జింగ్‌కి వాడకుండా చూసుకోండి. షీల్డ్ డబ్బాలో సీ-టు-సీ ఒకటి, సీ-టు-ఏ ఒకటి వస్తాయి.

పోర్టు సంగతి కూడా ఇలాగే ఉంటుంది. 5 జీబీపీఎస్ (సెకనుకు 5 గిగాబిట్లు; ఎనిమిది బిట్లు ఒక బైటు) పోర్టుకు యూఎస్‌బీ 3.0 అని ఒకప్పుడు పేరు, తర్వాత 3.1 జెన్ 1 అన్నారు, ఇప్పుడు 3.2 జెన్ 1 అంటున్నారు. పేర్లు మూడు, పోర్టు ఒకటే. దాంట్లో ఏ డ్రైవ్ పెట్టినా 450 ఎంబీ చుట్టుపక్కలే వస్తుంది. 1000 రావాలంటే 10 జీబీపీఎస్ ఉన్న జెన్ 2 పోర్టు ఉండాలి. ఇక 2000 ఎంబీ డ్రైవ్‌లు, ఉదాహరణకు శాంసంగ్ టీ9, జెన్ 2x2 అనే 20 జీబీపీఎస్ పద్ధతి మీద నడుస్తాయి. అది ఉన్న ల్యాప్‌టాప్‌లు తక్కువ. మ్యాక్‌బుక్‌లో పెడితే 10 జీబీపీఎస్‌కి దిగిపోతుంది, అంటే ఎక్కువ ధర పెట్టి కొన్న డ్రైవ్ 1000 ఎంబీ డ్రైవ్‌లాగే నడుస్తుంది. ముందు మీ ల్యాప్‌టాప్ మోడల్ స్పెసిఫికేషన్ తెరిచి పోర్టు ఏదో చూసుకోండి, తర్వాతే డ్రైవ్.

షీల్డ్‌కి ఐపీ65 రేటింగ్ ఉంది. దుమ్ము లోపలికి పోదు, నీళ్ల జల్లు తట్టుకుంటుంది. నీళ్లలో ముంచడానికి ఆ రేటింగ్ వర్తించదు. సూర్యలంక బీచ్‌లో ప్రీ వెడ్డింగ్ షూట్లకు తీసుకెళ్తాను, అక్కడి ఇసుక ఎక్కడెక్కడ దూరుతుందో తెలిసినదే. డ్రైవ్‌కి ఏమీ కాలేదు. పోర్టుకు మూత లేదు కాబట్టి కేబుల్ గుచ్చే ముందు ఒకసారి ఊది చూసుకుంటాను. వేడి గురించి చాలామందికి భయం ఉంటుంది. పెద్ద కాపీ జరుగుతుంటే వెచ్చబడుతుంది, చేత్తో పట్టుకోలేనంత ఎప్పుడూ కాలేదు. మే నెలలో మాత్రం కారు డాష్‌బోర్డు మీద వదలను, ల్యాప్‌టాప్ వెనక వేడిగాలి వచ్చే చోట పెట్టను.

ఫార్మాట్, అంటే డ్రైవ్‌లో ఫైళ్లు సర్దే పద్ధతి, ఎక్స్‌ఫ్యాట్‌లోనే ఉంచాను. ఆల్బమ్ డిజైనర్ దగ్గర మ్యాక్ ఉంది, నా దగ్గర విండోస్. విండోస్ ఫార్మాట్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పెడితే మ్యాక్ చదువుతుంది కానీ సొంతంగా రాయదు. ఎక్స్‌ఫ్యాట్ రెండింటికీ సరిపోతుంది. దాని బలహీనత ఏమిటంటే, రాస్తున్న మధ్యలో కేబుల్ ఊడితే కోలుకునే జర్నలింగ్ ఏర్పాటు అందులో లేదు. ఎజెక్ట్ కొట్టకుండా ఎవరూ నా డ్రైవ్ పీకకూడదని అసిస్టెంట్లకు గట్టిగా చెప్పి ఉంచాను. పాస్‌వర్డ్ పెట్టుకునే సౌకర్యం కూడా ఉంది, 256 బిట్ ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ డ్రైవ్‌లోనే జరుగుతుంది. పెళ్లివారి ఇంటి వీడియోలు కాబట్టి అది మంచిదే. అయితే పాస్‌వర్డ్ మరిచిపోతే ఫ్యాక్టరీ రీసెట్ తప్ప దారి లేదు, డేటా మొత్తం పోతుంది. నలుగురి కంప్యూటర్లలో తిరిగే డ్రైవ్‌కి నేను పెట్టలేదు, ఇంట్లో ఉంచే రెండో దానికి పెట్టాను.

ఇప్పుడు నేను అందరికీ పదే పదే చెప్పే మాట. ఎస్‌ఎస్‌డీని పనికి వాడండి, బీరువాలో దాచడానికి వాడకండి. మెమరీ చిప్పులకు ప్రమాణాలు పెట్టే జెడెక్ అనే సంస్థ ప్రమాణం ప్రకారం, మామూలు వినియోగదారుల ఎస్‌ఎస్‌డీ తన రాత ఆయుష్షు (మొత్తం ఎంత డేటా రాయగలదన్న పరిమితి) అయిపోయాక, 30 డిగ్రీల దగ్గర కరెంటు లేకుండా ఒక ఏడాది డేటా నిలబెడితే చాలు. కొత్త డ్రైవ్ అంతకంటే ఎక్కువ కాలమే నిలబెడుతుంది, వేడి పెరిగితే ఆ గడువు తగ్గుతుంది. మన ఎండాకాలం 30 దగ్గర ఆగదు కదా. ఆషాఢంలోనో మూఢంలోనో పెళ్లిళ్లు లేక రెండు మూడు నెలలు పక్కన పెడితే ఏమీ కాదు. ఏళ్ల తరబడి వదిలేయడం మాత్రం వద్దు. పైగా హార్డ్‌డిస్క్ చాలాసార్లు పోయేముందు శబ్దం చేస్తుంది, నెమ్మదిస్తుంది, ఏదో ఒక సూచన ఇస్తుంది. ఎస్‌ఎస్‌డీలో దాన్ని నడిపించే చిప్పు, కంట్రోలర్, పోతే ఒక్కసారిగా కనిపించకుండా పోతుంది, రికవరీ చేసేవాళ్లకు కూడా చాలా కష్టం. వారంటీలో వాళ్లు ఇచ్చేది కొత్త డ్రైవ్, పోయిన అప్పగింతల వీడియో తెచ్చివ్వలేరు. అందుకే నా దగ్గర ప్రతి పెళ్లీ ఎస్‌ఎస్‌డీలో ఒకటి, రెండు వేర్వేరు హార్డ్‌డిస్క్‌లలో ఒక్కొక్కటి ఉంటుంది, ఆ రెండిట్లో ఒకటి మా అన్నయ్య వాళ్లింట్లో. పెళ్లివారికి ఫైనల్ ఇచ్చి, వాళ్లు చూసుకుని సరే అనేదాకా ఏ కాపీ చెరపను.

ఆన్‌లైన్‌లో రెండు వేల రూపాయలకు 16 టీబీ ఎస్‌ఎస్‌డీ అని వచ్చేవాటి జోలికి దయచేసి వెళ్లకండి. విప్పి చూస్తే లోపల ఒక చిన్న మెమరీ కార్డు, యూఎస్‌బీ 2.0 బోర్డు ఉంటాయి. కంప్యూటర్‌కి 16 టీబీ అని అబద్ధం చెప్పేలా లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) మార్చి ఉంటుంది. కాపీ అయినట్టే చూపిస్తుంది, ఫైలు పేర్లు కూడా కనిపిస్తాయి, తెరిస్తే లోపల ఏమీ ఉండదు. ఏ డ్రైవ్ కొన్నా, మంచి కంపెనీదైనా సరే, పనిలో పెట్టేముందు విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌లో ఎఫ్3 అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా నింపి చదివించి చూడండి. నకిలీదైతే బయటపడుతుంది, క్యాష్ ఎక్కడ అయిపోతుందో కూడా తెలుస్తుంది.

పాత ల్యాప్‌టాప్ నుంచి తీసిన ఎన్‌వీఎంఈ (లోపల బిగించే వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీ చేతిలో ఉంటే, దాన్ని యూఎస్‌బీ డ్రైవ్‌గా మార్చే పెట్టె, ఎన్‌క్లోజర్, కొనుక్కోవడం చవకైన దారి. రియల్‌టెక్ ఆర్‌టీఎల్9210బీ చిప్ ఉన్నవి ఎన్‌వీఎంఈ, దానికంటే పాతదైన సాటా రెండు రకాలనూ తీసుకుంటాయి. నేను ఇంట్లో బ్యాకప్‌కి ఒకటి వాడుతున్నాను. పెళ్లికి మాత్రం తీసుకెళ్లను. వేడి ఎక్కువ, కరెంటు కూడా ఎక్కువ లాగుతుంది, బలహీనమైన పోర్టులో మధ్యలో డిస్‌కనెక్ట్ అవుతుంది.

షీల్డ్‌కి పోటీగా చూడదగ్గది క్రూషియల్ ఎక్స్9 ప్రో. 38 గ్రాములే, ఐపీ55, ఐదేళ్ల వారంటీ, రాయడం చదవడం రెండూ 1050 అంటారు. షీల్డ్ వారంటీ మూడేళ్లే. మా ఊళ్లో ఒక ఫొటోగ్రాఫర్ ఎక్స్9 ప్రో వాడుతున్నాడు, నాకూ నచ్చింది. కొనేటప్పుడు 'ప్రో' అన్న మాట ఉందో లేదో చూసుకోండి, ఉత్త ఎక్స్9 క్యూఎల్‌సీ రకం. పిల్లల ఫొటోలు, ఆఫీసు ఫైళ్లు పెట్టుకునేవాళ్లకు ఆ ఉత్త ఎక్స్9 కూడా చక్కగా సరిపోతుంది, ఒకేసారి వందల జీబీ రాసే అవసరం వాళ్లకు రాదు.

ధర విషయంలో ఎదురుచూపులు పెద్దగా కలిసిరావు. 2023లో ఫ్లాష్ మెమరీ ధరలు బాగా పడ్డాయి, తర్వాత మళ్లీ పెరిగాయి. అవసరం వచ్చినప్పుడు కొనుక్కోవడమే. వచ్చే మాఘమాసం సీజన్‌కి నేను ఇంకో 2 టీబీ షీల్డ్ తీసుకుంటున్నాను. 4 టీబీది ఒక్కటే తీసుకోవచ్చు కదా అని దుకాణంలో అడిగారు. పెళ్లిళ్లన్నీ ఒకే డ్రైవ్‌లో పెట్టుకుని తిరగడం నాకు ఇష్టం లేదు.