‘ట్యాంకులో ఇట్టే కరుగుతుంది’ అని రాసిన టాయిలెట్ పేపర్ కొనేముందు ఇది చదవండి

మోటర్‌హోమ్ (పడక, వంటగది, టాయిలెట్ అన్నీ లోపలే ఉండే బండి) ఉన్నవాళ్లకూ, కొత్తగా కొనబోతున్నవాళ్లకూ ఒక హెచ్చరిక. ‘మోటర్‌హోమ్‌ల కోసం ప్రత్యేకం’, ‘క్షణాల్లో కరుగుతుంది’, ‘ట్యాంకుకు పూర్తి సురక్షితం’ లాంటి మాటలు ప్యాకెట్ మీద కనిపించాయని టాయిలెట్ పేపర్ ఒకేసారి పెద్ద మొత్తంలో కొనేయకండి. సరిగ్గా అలాంటి మాటలున్న ప్యాక్‌నే నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. మామూలు పేపర్ కంటే ధర బాగా ఎక్కువ. అది కరగలేదు సరికదా, బ్లాక్ ట్యాంకు (టాయిలెట్ మురుగు చేరే ట్యాంకు) అడుగున తడిసిన అట్టలా పేరుకుపోయింది.

మొదట తేడా కనిపించింది ట్యాంకు ఎంత నిండిందో చూపే సెన్సర్‌లో. ట్యాంకు ఖాళీ చేసి వచ్చాక కూడా ప్యానెల్‌లో మూడింట రెండు వంతులు నిండినట్టే లైట్లు వెలుగుతున్నాయి. చాలా బళ్లలో ఈ సెన్సర్లు ట్యాంకు గోడలోంచి లోపలికి వచ్చే చిన్న లోహపు మొనలు. వాటికి తడి తగిలితే లైటు వెలుగుతుంది. నీళ్లు తగిలినా వెలుగుతుంది, తడి పేపర్ అంటుకుని వేలాడుతున్నా వెలుగుతుంది. అందుకే దీన్ని అందరూ ‘సెన్సర్ పోయింది’ అని కొట్టిపారేస్తారు. ఖాళీ చేసిన తర్వాత కూడా లైటు ఆరకపోతే సెన్సర్‌ని తిట్టే ముందు పేపర్‌ని అనుమానించండి.

ఆ తర్వాత ట్యాంకు ఖాళీ చేసే వాల్వ్ తెరిస్తే ధారగా రావాల్సింది సన్నగా కారడం మొదలైంది. ఇంకొన్నాళ్లకు టాయిలెట్‌లో నీళ్లు కిందికి దిగలేదు. ఎండలో బండి ఆపితే లోపల కూర్చోలేనంత కంపు. చివరికి ట్యాంకులు శుభ్రం చేసే మనిషిని పిలిపించి, ప్రెషర్ పైపుతో లోపలంతా కడిగించాల్సి వచ్చింది. బయటికి వచ్చింది గుజ్జు కాదు. పొరలు పొరలుగా కాగితమే వచ్చింది. రోల్ మీద ఉండే పువ్వుల అచ్చు కూడా కొన్ని ముక్కల మీద చెక్కుచెదరలేదు!

ఫోటోలు పెట్టి అమ్మినవాళ్లకు రాస్తే వచ్చిన జవాబు ఇది: మీరు ట్యాంకు లిక్విడ్ (వాసన రాకుండా, మురుగు కరగడానికని ట్యాంకులో పోసే మందు) తక్కువ వేసి ఉంటారు, మా లిక్విడ్ రెట్టింపు మోతాదులో వేసి చూడండి. ప్యాక్ విప్పేశారు కాబట్టి వాపసు కుదరదు. అంటే కరగని పేపర్ అమ్మి, దాన్ని కరిగించడానికి ఇంకో సీసా అమ్ముతారన్నమాట. నాకు ఒళ్లు మండింది ఇక్కడే. పేపర్ బాగోలేకపోవడం ఒక ఎత్తు, ఈ సలహా ఇంకో ఎత్తు. ఎందుకంటే పేపర్ విడిపోవడంలో లిక్విడ్ పాత్ర చాలా చిన్నది. ఆ పని చేసేది నీళ్లు.

అసలు టాయిలెట్ పేపర్ ఉప్పులాగో చక్కెరలాగో కరగదు. అది చెక్కగుజ్జు నారతో చేసింది. పొడిగా ఉన్నప్పుడు ఆ నారపోగులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. నీళ్లు చేరగానే ఆ పట్టు సడలి, కాస్త కుదిపితే పోగులుగా విడిపోతాయి. మనకు కావల్సింది అంతే. కానీ తడిసినా చిరగకూడదని కొన్ని కాగితాల్లో రెసిన్ కలుపుతారు. కిచెన్ పేపర్, ముఖం తుడుచుకునే టిష్యూ గట్టిగా ఉండేది దీనివల్లే. కాబట్టి అవి ట్యాంకులోకి అస్సలు వెళ్లకూడదు. మెత్తగా, మందంగా, మూడు నాలుగు పొరలుగా ఉండే ఖరీదైన టాయిలెట్ పేపర్‌లోనూ పొరల్ని అతికించే జిగురు, లోషన్ లాంటివి ఉంటే విడిపోవడం ఆలస్యమవుతుంది. నేను కొన్నదాంట్లో ఏం కలిపారో ప్యాకెట్ మీద లేదు. పట్టుకుంటే మాత్రం భలే మెత్తగా ఉంది. ఆ మెత్తదనం చూసి మురిసిపోకండి.

మరి ఏది మంచిదో తెలుసుకోవడం ఎలా? మూత ఉన్న గాజు సీసా ఒకటి చాలు. సగం దాకా చన్నీళ్లు పోయండి, వేడినీళ్లు వద్దు, ట్యాంకులో వేడినీళ్లు ఉండవు కదా. మూడు నాలుగు కాగితాలు వేసి కొన్ని నిమిషాలు వదిలేయండి. తర్వాత మూత పెట్టి ఓ పదిసార్లు ఊపండి. నీళ్లు మబ్బుగా మారి, సన్నని పోగులు మాత్రమే తేలుతుంటే ఆ పేపర్ వాడుకోవచ్చు. అరచేతి వెడల్పు ముక్కలు అలాగే తిరుగుతుంటే వద్దు. పక్కపక్కనే రెండు మూడు రకాలు పెట్టి చేస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. నేను చేసినప్పుడు ఈ ‘ప్రత్యేక’ పేపర్ సీసాలో మడతలతో సహా అలాగే ఉంది. ఇంట్లో వాడే చవక రకం, ఒంటి పొర పేపర్ మాత్రం ఊపగానే చెదిరిపోయింది.

అలాగని చవకవన్నీ మంచివనీ, మోటర్‌హోమ్ పేరుతో వచ్చేవన్నీ మోసమనీ కాదు. ఆ పేరుతో వచ్చేవాటిలో నిజంగా బాగా విడిపోయేవి ఉన్నాయి. ధర, పేరు, వెదురుతో చేశారా రీసైకిల్ కాగితంతో చేశారా అన్నవేవీ మీకు నిజం చెప్పవు, సీసా చెబుతుంది. ఒకే రకం పేపరే ఏళ్ల తరబడి కొంటున్నా, కొత్త ప్యాక్ విప్పినప్పుడు మళ్లీ ఓసారి చూసుకోవడం మంచిది. తయారీ మారినా ప్యాకెట్ పైన బొమ్మ మారదు.

వెట్ వైప్స్ సంగతి వేరే చెప్పాలి. ‘ఫ్లష్ చేయొచ్చు’ అని రాసి ఉన్నా ట్యాంకులో వేయకండి. ఈ మాట మీద అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2015లో వైప్స్ తయారుచేసే ఒక కంపెనీపై చర్య తీసుకుంది. ఆ కంపెనీ చూపించిన పరీక్షలు ఇళ్లలోని పైపులు, సెప్టిక్ ట్యాంకుల్లో నిజంగా ఉండే పరిస్థితికి సరిపోవన్నది అక్కడి అభియోగం. ఇంటి పైపులకే ఆ గతి అయితే, నీళ్లు పొదుపుగా వాడే మన ట్యాంకు సంగతి చెప్పేదేముంది? బండిలో మురుగును బ్లేడ్లతో నలిపి బయటికి నెట్టే మెసరేటర్ పంపు ఉంటే ఇంకా ప్రమాదం. ఒక్క వైప్ దాని బ్లేడ్లకు చుట్టుకుంటే చాలు, పంపు ఆగిపోతుంది.

లిక్విడ్ అసలు వద్దనడం లేదు. వాసన తగ్గించడానికి అది పనికొస్తుంది. కాకపోతే లేబుల్ మీద ఫార్మాల్డిహైడ్ ఉందేమో చూడండి. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే తేల్చింది. పైగా అది సెప్టిక్ ట్యాంకులోని బ్యాక్టీరియాను చంపేస్తుంది. సెప్టిక్ ట్యాంకు ఉన్న క్యాంపుల్లో (మోటర్‌హోమ్‌లు ఆపుకునే చోట్లలో) దాన్ని ఒప్పుకోకపోవడానికి కారణం అదే. బ్యాక్టీరియా, ఎంజైములతో పనిచేసే రకాలు దొరుకుతాయి. వాటికి కొంచెం టైమ్, తగినన్ని నీళ్లు కావాలి. వాటితో పాటు బ్లీచ్ పోస్తే ఆ బ్యాక్టీరియా చస్తుంది, మీ డబ్బు కూడా దండగ.

అసలు బ్లీచ్ జోలికే వెళ్లకండి. మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ఊపిరికి హాని చేసే క్లోరమైన్ వాయువులు వస్తాయి, చిన్న బాత్‌రూమ్‌లో అది మామూలు విషయం కాదు. రబ్బరు సీళ్లు కూడా దెబ్బతింటాయి. ట్యాంకు బిగుసుకుపోయిందని సింకు పైపులకు వాడే కాస్టిక్ పౌడర్ పోసేవాళ్లూ ఉన్నారు. అది అడ్డు తీయకపోతే, తర్వాత వాల్వ్ విప్పే మనిషి మీద ఆ నీళ్లే చిమ్ముతాయి. అప్పటికే పోసి ఉంటే, శుభ్రం చేయడానికి వచ్చినవాళ్లకు ఆ మాట ముందే చెప్పండి.

అడ్డు పడినప్పుడు ముందు చేయాల్సింది వాల్వ్ మూసి, టాయిలెట్‌లోంచి బకెట్లతో నీళ్లు పోసి నానబెట్టడం. ఒక రాత్రి ఆగి, బండిని కాసేపు నడిపి, తర్వాత ఖాళీ చేస్తే మామూలు పేపర్ అయితే చాలావరకు కదులుతుంది. నాది కదల్లేదు, అందుకే డబ్బు పెట్టి కడిగించుకున్నాను.

క్యాంపులో మురుగు పైపుకి కనెక్షన్ ఉంది కదా అని బ్లాక్ ట్యాంకు వాల్వ్ తెరిచి వదిలేయొద్దు. నీళ్లు జారిపోతాయి, మలం, పేపర్ అక్కడే కూర్చుని ఎండి గుట్టవుతాయి. అప్పుడు ఎంత మంచి పేపరైనా ఒకటే. వాల్వ్ మూసే ఉంచి, మూడింట రెండు వంతులు నిండాకే ఖాళీ చేయండి, ఆ బరువుకి అన్నీ ఒక్కసారిగా కొట్టుకుపోతాయి. ముందు బ్లాక్ ట్యాంకు, తర్వాత గ్రే ట్యాంకు (సింకు, స్నానం నీళ్లు చేరేది), ఆ సబ్బునీళ్లకు పైపు కూడా కడుక్కుపోతుంది. అయిపోయాక బ్లాక్ ట్యాంకు అడుగు మునిగేదాకా నీళ్లు పోసి పెట్టండి. నీళ్ల పొదుపు ట్యాంకు దగ్గర మాత్రం వద్దు. క్యాసెట్ టాయిలెట్ (ట్యాంకును పెట్టెలా బయటికి లాగి ఖాళీ చేసేది) ఉన్నవాళ్లకు ట్యాంకు చిన్నది, తరచూ ఖాళీ చేస్తారు కాబట్టి గుట్ట బాధ తక్కువ. కానీ పేపర్ ముక్క ట్యాంకు నోటిని మూసే పలక (బ్లేడ్) సీలు మధ్య ఇరుక్కుంటే సీలు సరిగ్గా మూసుకోదు, కంపు మొదలవుతుంది. ఆ సీలుకి వాసెలిన్ పూయకండి, రబ్బరు ఉబ్బిపోతుంది. దానికి సిలికాన్ స్ప్రే దొరుకుతుంది.

కొనేటప్పుడు ముందు ఒక్క రోల్ తెప్పించుకోండి. విడి రోల్ అమ్మకుండా పెద్ద ప్యాకే కొనమంటే, విప్పిన ప్యాక్ వాపసు తీసుకుంటారో లేదో ఆర్డర్ చేసేముందే రాతపూర్వకంగా అడగండి. ‘క్షణాల్లో’ అంటే ఎన్ని క్షణాలో, ఏ పరీక్షలో తేలిందో కూడా అడగండి. నేనడిగితే ఆ ప్రశ్నకు ఇప్పటిదాకా జవాబు లేదు. ఆ రోల్స్‌తో ఇప్పుడు బండి అద్దాలు తుడుచుకుంటున్నాను.