కొండవాగు మీద నడిచే 500 వాట్ల టర్బైన్ సెట్టు: కొనవచ్చా?

మన్యంలో 10 ఇళ్ల గూడేనికి దీపాలు, ఫోన్ ఛార్జింగు, ఒక టీవీ వరకు వాగునీటితో కరెంటు పుట్టించే ఈ సెట్టు చాలు. పిండి మర మాత్రం దీంతో తిరగదు.

నీరు దిగే ఎత్తు మీటర్లలో, ప్రవాహం సెకనుకు లీటర్లలో కొలిచి ఆ రెంటినీ గుణించండి, వచ్చినదాన్ని 5తో గుణిస్తే సుమారుగా వచ్చే వాట్లు. 10 మీటర్లు, 10 లీటర్లయితే 500. కొలత మే నెలలోనే తీసుకోవాలి, వానాకాలపు లెక్క నమ్మితే వేసవిలో చీకటే. పైపు నాలుగంగుళాలకు తగ్గకూడదు.

టర్బైన్ గట్టిది. లోపమంతా పైపులోకి నీరు దిగే చోట పెట్టే జల్లెడలో ఉంది, మరీ చిన్నది. ఆకులు అడ్డుపడగానే పైపులోకి గాలి చేరి బల్బులు మినుకుమంటాయి. పెద్ద జల్లెడను ఏటవాలుగా బిగించుకోండి. దీపాలు ఆపినప్పుడు మిగులు కరెంటును కంట్రోలర్ హీటర్ కాయిల్‌కు మళ్లిస్తుంది. ఆ కాయిల్ తెగితే వోల్టేజీ పెరిగి బల్బులు మాడతాయి. అదనపు కాయిల్ సెట్టుతోనే అడిగి తీసుకోండి.